ఒకే ట్యాంకులో ఐదు మందులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ హాయి మళ్ళీ రాదు. 'తెలియదు' అనే మాట నోట రాకుండా మనిషి ఏళ్ళ తరబడి బతకగలడని, పైగా దానికి చుట్టుపక్కల ఊళ్ళలో గౌరవం కూడా దక్కుతుందని చెప్పడానికి నేనే రుజువు. దమ్మపేటలో నాకు పురుగుమందుల షాపు ఉంది. (ఇప్పటికీ ఉంది. కాకపోతే అప్పట్లో కౌంటరు వెనక కూర్చున్నది నేను కాదు, నా తెలివి.) మిర్చి ముడుచుకుపోతోందని ఏ రైతో ఒక ఆకు తెంపి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేవాడు. నేను దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని, వెనక్కి తిప్పి, భూతద్దంతో చూసి, 'ఊఁ' అని ఒక్కసారి మూలిగి, సీసా తీసి కౌంటరు మీద పెట్టేవాణ్ణి. "డాక్టర్ సాబ్ ఇచ్చిండు" అని అతను ఊళ్ళో చెప్పుకునేవాడు. అందరూ డాక్టర్ సాబ్ అంటూంటే, ఎవరైనా ఉత్త పేరుతో పిలిస్తే మనసు చివుక్కుమనే దశకు చేరుకున్నాను. చదివింది డిగ్రీ. అదీ కామర్సు.

షాపులో నాది ఒకే ఒక్క సూత్రం. రెండు మందులు ఒకే ట్యాంకులో కలపకూడదు. ఇది నాకు ఊరికే వచ్చిన జ్ఞానం కాదు. షాపు పెట్టిన కొత్తల్లో ఒక రైతు రెండు సార్లు కొట్టడం ఎందుకని పురుగుమందూ తెగులుమందూ కలిపేసి పంపులో పోశాడు. లోపల పాలు విరిగినట్టు విరిగిపోయింది. నాజిల్ మూసుకుపోయింది. కొట్టినంత మేరా ఆకు మాడిపోయింది. అతను ఆ మాడిన మొక్కను వేళ్ళతో సహా పీకి తెచ్చి, నలుగురు చూస్తుండగా నా కౌంటరు మీద నిలబెట్టాడు. ఆ రోజు నుంచి కొనేవాడు కొనక ముందే చెప్పేవాణ్ణి: "ఏ మందుకు ఆ మందే. మధ్యలో గ్యాప్ ఇయ్యాలె." ఈ సూత్రం మిర్చికి పనికొచ్చింది, పత్తికి పనికొచ్చింది. అక్కడితో ఆపి ఉంటే ఇప్పుడు రాయడానికి నాకేమీ ఉండేది కాదు.

మాకు పాప పుట్టింది. పుట్టగానే వేసే సూదులు కాన్పయిన ఆసుపత్రిలోనే వేసేశారు. నన్నెవరూ అడగలేదు కనుక నేను ఆపలేకపోయాను. నెలన్నర నిండాక మళ్ళీ వేయించాలంటే, కొత్తగూడెంలో పేరున్న పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. సర్కారు సెంటర్ మా వీధి చివరే ఉంది. కానీ డాక్టర్ సాబ్ కూతురు అంగన్‌వాడీలో చాప మీద కూర్చుని సూది వేయించుకుంటే బాగుంటుందా? బస్సెక్కాం.

ఆ వెయిటింగ్ హాలును నేనెప్పటికీ మరిచిపోను. అక్కడ తల్లిదండ్రులు రెండు పార్టీలుగా చీలిపోయి ఉన్నారు. ఒకటి 'నొప్పి లేని సూది' పార్టీ. వాళ్ళు పిల్లను ఒళ్ళో పెట్టుకున్న తీరులోనే అది ఖరీదైన సూది అని తెలిసిపోతుంది. "మావోడికి పెయిన్‌లెస్సే. జొరం గిరం ఏం రాదు" అని పక్కవాళ్ళు అడక్కముందే చెప్పేస్తున్నారు. రెండోది 'జ్వరం' పార్టీ. దానికి నాయకురాలు తెల్ల జుట్టు నాయనమ్మ ఒకామె. "జొరం రాకపోతే గది సూదేంది? నీళ్ళు పొడిచినట్టే. నా కొడుకులకు పొడిస్తే ఇల్లంత లేచిపోయేటట్టు ఏడ్చిన్రు. చూడు ఎట్ల పెరిగిన్రో!" అంటూ పక్కనున్న కొడుకును చూపించింది. ఆ కొడుకు నిజంగానే భారీగా పెరిగాడు. రెండు పార్టీల్లో ఎవరికీ ఆ సూది ఏ జబ్బుకో తెలియదు. అది అసలు చర్చలోకే రాలేదు. నేను ఏ పార్టీలోనూ చేరలేదు. సొంత పార్టీ పెట్టబోతున్నానని అప్పటికి నాకూ తెలియదు.

డాక్టరు గారు తలెత్తని మనిషి. బల్ల మీద కాగితం వైపే చూస్తూ మాట్లాడేవాడు. మేము లోపలికి వెళ్ళగానే, "ఐదు జబ్బులకు ఒకటే సూది. పడుకోబెట్టండి" అన్నాడు.

"సార్, ఐదు మందులూ ఒకదాంట్లోనే కలిపారా?"

"అవును."

"రియాక్షన్ కాదా సార్? విడివిడిగా, మధ్యలో గ్యాప్ ఇచ్చుకుంటూ..."

"ఏం చేస్తారు మీరు?"

"పెస్టిసైడ్స్ సార్."

"అయితే అవి మీరు చూసుకోండి. ఇవి నేను చూసుకుంటా. చెయ్యి పట్టుకోండమ్మా... నెక్స్ట్ వాళ్ళు రెడీగా ఉండండి."

అప్పుడు కూడా తలెత్తలేదు. నాలోని డాక్టర్ సాబ్‌కు ఘోర అవమానం జరిగింది. నేను పాపను ఎత్తుకుని, చెప్పులు వేసుకుని, రోడ్డు మీదికి వచ్చేశాను. మా ఆవిడ వెనకాలే పరుగెత్తుకుంటూ వచ్చింది. (ఆమెది అడవి పక్క పినపాక. మా తాతలు కృష్ణా జిల్లా నుంచి పొగాకు సాగుకని వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అందుకని మా ఇంట్లో అమ్మ మాట ఏటికి అవతలి వైపు ఉంటుంది, మా ఆవిడ మాట అడవి వైపు ఉంటుంది, నా మాట కొనేవాడిని బట్టి ఉంటుంది.)

"ఏమయ్యా, గింత దూరం వచ్చి సూది ఏయించకనే పోతున్నం?"

"ఐదు కలిపి ఏస్తరంట."

"ఏస్తే?"

"ట్యాంక్ మిక్స్ గదా! విరిగిపోతే?"

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "ఆమె పిల్లయ్యా. పంపు గాదు" అంది. అంతే, మళ్ళీ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను అంగీకారం కింద జమ కట్టుకున్నాను. బస్సులో నా పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషికి సంగతంతా చెప్తే, "నువ్వు అన్నది కరెక్టే" అన్నాడు. నాకు ఆ రోజుకు కావాల్సిన వైద్య సలహా అదే.

పోనీ ఇంకో డాక్టరును అడుగుదామని సత్తుపల్లి వెళ్ళాను. ఈయన మొదటాయనకు పూర్తిగా ఎదురు. నేను లోపలికి వెళ్ళగానే లేచి నిలబడ్డాడు. నేను ట్యాంకు గురించి, విరగడం గురించి, నాజిల్ గురించి చెప్పిందంతా కళ్ళార్పకుండా విని, "సరేనండీ. మీరు చెప్పింది పాయింటే" అన్నాడు. బట్టల షాపులో చీరలు పరిచినట్టు రకాలన్నీ పరిచాడు. "నొప్పి ఉన్నది ఉంది, లేనిది ఉంది. ఇప్పుడైనా వేయించుకోవచ్చు, వచ్చే నెలైనా వేయించుకోవచ్చు. కొంతమంది పేరెంట్స్ విడివిడిగా అడుగుతారు, కొంతమంది అసలొద్దంటారు. మీ పాప, మీ ఇష్టం. ప్రస్తుతానికి ఒక టానిక్ రాస్తానండీ." ఎంత గొప్ప డాక్టరు! నాతో ఏకీభవించాడంటేనే ఎంత తెలివైనవాడో తెలుస్తోంది. మరి మీ పిల్లలకు ఎట్లా వేయించారు సార్ అని అడగాలని నాకు తోచలేదు. టానిక్ సీసాతో ఇంటికొచ్చాను.

ఆ రాత్రే నా సొంత షెడ్యూలు ప్రకటించాను. ఒకదాని తర్వాత ఒకటి, విడివిడిగా. ఎండల్లో వద్దు, పిల్ల తట్టుకోలేదు. వానల్లో వద్దు, మందు ఒంటికి పట్టదు. (వాన ముందు స్ప్రే చేస్తే కడుక్కుపోతుందని రైతులకు చెప్పీ చెప్పీ ఆ ముక్క నాలుక మీద ఉండిపోయింది.) పత్తి సీజన్లో నాకు తీరదు. పిల్లకు జలుబుంటే వద్దు, జలుబు తగ్గిన వెంటనే అసలు వద్దు. దీన్నంతా కలిపి చూస్తే, మా పాపకు సూది పడే రోజు ఏ క్యాలెండరులోనూ లేదు. నేను దానికి 'జాగ్రత్తగా వేయించడం' అని పేరు పెట్టుకున్నాను.

విచిత్రమేమంటే ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు. మా అమ్మ, "నీ ఇష్టం రా నాయనా, నీకు తెలీనిదా" అంది. నా పెళ్ళి విషయంలో కూడా ఆమె నోట ఆ మాట రాలేదు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, గర్వం వచ్చింది.

ఆ తర్వాత మా పాపకు అప్పుడప్పుడూ ఒక చిత్రమైన జబ్బు చేసేది. నేను బుధవారాల్లో సరుకు కోసం కొత్తగూడెం వెళ్ళేవాణ్ణి. తిరిగొచ్చేసరికి ఏదో ఒక బుధవారం పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉండేది. మర్నాటికి తగ్గిపోయేది. "దిష్టి తగిలింది" అని అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది, ముఖంలో ఏ భావమూ లేకుండా. "బుధవారం ఈ పిల్లకు కలిసిరాదు" అని నేను సిద్ధాంతం చేశాను. ఒకసారి తొడ మీద చిన్న గట్టి బుడిపె కనిపించింది. "చీమ కుట్టింది" అంది మా ఆవిడ. నేను షాపు నుంచి భూతద్దం తెచ్చి, మిర్చి ఆకు మీద తామర పురుగును చూసే శ్రద్ధతో ఆ బుడిపెను పరీక్షించి, ఇది మామూలు చీమ కాదు, గండు చీమ అని తేల్చాను. చీమలు పాకకుండా గీసే చాక్‌పీసు తెచ్చి తొట్టె చుట్టూ రెండు వరసల గీత గీశాను. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా వంటింట్లోకి వెళ్ళింది. పాపం, పిల్ల బాధ చూడలేక ఏడుస్తోందనుకున్నాను.

పిల్ల మాత్రం నిగనిగలాడుతూ పెరిగింది. పురుగుమందుల కంపెనీలు తమ మందు గొప్పతనం చూపడానికి రోడ్డు పక్కన ఒక చేను తీసుకుని, బోర్డు పాతి, డెమో ప్లాటు అంటాయి. మా పాప నా డెమో ప్లాటు. సాయంత్రం పూట షాపుకు తెచ్చి కౌంటరు మీద కూర్చోబెట్టుకుని, వచ్చిన ప్రతివాడికీ చూపించేవాణ్ణి. "ఒక్క సూది లేదు. చూడు బుగ్గలు!" నా బడాయి వినీ వినీ రైతులు మందు సీసా తీసుకుని జారుకునేవాళ్ళు. ఒక్కరు మాత్రం జారుకోలేదు. ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న టైలర్ భాయ్.

భాయ్ వాళ్ళు మూడు తరాలుగా ఈ ఊళ్ళో కుట్టుపనివాళ్ళు. మిషనుతో పాటు కొంచెం మిర్చి కౌలుకు చేసేవాడు కనుక నా ఖాతాదారు కూడా. మా పాప పుట్టిన కొద్ది నెలలకే అతనికి కొడుకు పుట్టాడు, పెళ్ళైన చాలా ఏళ్ళకు. నా మాట చెవిన పడేదాకా వాడికి ఒక్క సూది తప్పించినవాడు కాదు. వీధి చివర సెంటరుకు అందరికంటే ముందు వెళ్ళి కూర్చునేది అతని భార్య, మా భాభీయే. నా సూత్రం భాయ్ మిర్చిని ఒక ఏడాది నిజంగానే కాపాడింది. ఆ నమ్మకమే కొంప ముంచింది.

"భాయ్, రెండు మందులు ఒక ట్యాంకుల పోస్తవా?"

"తౌబా, ఎట్ల పోస్తనన్నా?"

"మరి పసిపిల్లగానికి ఐదు ఎట్ల పోయిస్తున్నవ్?"

భాయ్ మిషను ఆపాడు. అతని కాలు ఆగిందంటే నా మాట తగిలిందన్నమాట. ఆ తర్వాత వాళ్ళింట్లో జరిగింది రోడ్డు దాటి నాకు వినబడింది. "అందరు ఏయిస్తలేరా? నీకొక్కనికేనా పిల్లగాడు?" అని భాభీ. "అన్నకు తెల్వదా? ఆయన పాపను జూడు, సూది లేకుంటనే ఎట్లున్నదో!" అని భాయ్. నేను ఇవతల కౌంటరు దగ్గర నిలబడి, ఆ మాట విని, పాప బుగ్గ మీద ఒక ముద్దు పెట్టుకున్నాను. ఆ ముద్దు ఇప్పటికీ నన్ను కుడుతుంది. తొమ్మిదో నెల నిండాక వేయాల్సిన తట్టు సూదికి భాయ్ కొడుకును తీసుకుపోలేదు. "ఎండలు పోనీ, అన్న చెప్తడు" అన్నాడు. ఎండలు పోయాయి. అన్న వానలన్నాడు.

ఆ వానల్లోనే ఊళ్ళోకి తట్టు వచ్చింది. ముందు అటు చివర ఇద్దరు పిల్లలకు, తర్వాత మా వీధిలో. ఒక ఉదయం షాపు తెరిచేసరికి ఎదురుగా భాయ్ మిషను మీద గుడ్డ కప్పి ఉంది. పండగ రోజున కూడా సగం పూట తిరిగే మిషను అది. పక్క హోటల్‌వాడు చెప్పాడు. "పిల్లగానికి తట్టు లేచిందట. జొరం తగ్గలే, నిమ్ము జేసిందట. తెల్లారకముందే ఆటోల కొత్తగూడెం ఉరికిన్రు."

షట్టరు సగం దించి ఇంటికి పరుగెత్తాను. మొన్నటిదాకా భాయ్ కొడుకూ మా పాపా ఒకే చాప మీద ఆడారు, ఒకే బిస్కెట్టు చెరో వైపు నుంచి కొరికారు. "తలుపులెయ్! పాపను బయటికి తేకు! కండ్లు చూడు, ఎర్రగ ఉన్నయా?" అని అరుస్తూ లోపలికొచ్చాను. మా ఆవిడ బియ్యం ఏరుతోంది. పాప ఆ చాటలోకే చేతులు పెట్టి ఆడుతోంది.

"ఆమెకేం గాదు" అంది మా ఆవిడ, తలెత్తకుండా.

"ఏంది ఏం గాదు? తట్టు! భాయ్ కొడుక్కు..."

"ఆమెకు తట్టు సూది అయింది. తొమ్మిది నిండంగనే ఏయించిన. అన్ని ఏయించిన. ఒక్కటి గూడ తప్పలే."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గోడ వైపు చూసింది. "నేనే కాళ్ళు పట్టుకున్నాను రా. నువ్వు బస్సెక్కి పోయాక, నీ చెవిన పడకుండా సెంటర్లో జనమంతా పోయాక వెళ్ళేవాళ్ళం. నీ కూతురు నీలాగే, సూది కనబడకముందే గొంతెత్తేది" అంది.

బుధవారాలు ఒక్కొక్కటిగా వరసలో నిలబడి నన్ను చూసి నవ్వాయి. దిష్టి, గండు చీమ, చాక్‌పీసు గీత! ముందు కోపం వచ్చింది. దాన్ని తోసుకుంటూ ఎంత ఊరట వచ్చిందంటే, చాటలోని బియ్యం పక్కకు నెట్టి పిల్లను గుండెకు హత్తుకున్నాను. ఆ వెనకాలే మూడోది వచ్చింది. అది ఇప్పటిదాకా పోలేదు.

"మరి భాయ్ కొడుకు?"

మా ఆవిడ చేతిలో బియ్యం అట్లాగే ఉండిపోయాయి. "ఆళ్ళు ఏయించినరనే అనుకున్న. నువ్వు ఆపించినవని నాకేం తెల్సు?" అంది. చిన్న గొంతుతో, "మాకు చెప్పిందే ఆళ్ళకు చెప్పినవ్. మేం ఇనలే. ఆళ్ళు ఇన్నరు" అంది.

ముగ్గురం పాపను పక్కింట్లో ఒప్పజెప్పి, భాయ్ వాళ్ళకు అన్నం క్యారియర్ సర్దుకుని కొత్తగూడెం బయల్దేరాం. ఆడవాళ్ళు బయట పండ్లు కొంటుంటే నేను ముందుగా లోపలికి వెళ్ళాను. పిల్లవాడి ముక్కుకు గొట్టం పెట్టారు. ఆ చిన్న డొక్క ఎగరేసినట్టు ఎగురుతోంది. భాభీ తల దగ్గర కూర్చుని వాడి జుట్టు సవరిస్తోంది. భాయ్ నన్ను చూసి లేచి, స్టూలు నాకే ఇచ్చాడు. అరవడు, తిట్టడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"అన్నా, ఒకటి అడుగుత. మీ పాప, మావోడు ఇద్దరు ఒక్కతీరుగనే గద పెరిగిన్రు. తట్టు సూది ఇద్దరికి లేదు. మీ పాపకు ఏం గాలే, అల్లా మంచిగుంచాలె. మావోడికే ఎందుకొచ్చిందంటవ్?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. డాక్టర్ సాబ్‌ను అడిగినట్టే అడిగాడు. ఆకు తిప్పి చూసి 'ఊఁ' అనేవాడు సమాధానం చెప్పాలి. 'దేవుడి దయ' అనేస్తే సరిపోయేది, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"మా పాపకు సూదులన్నీ అయినయ్ భాయ్" అన్నాను.

భాభీ లేచి నిలబడింది. "ఏందీ? నీ బిడ్డకు ఏయించుకొని మా బిడ్డకు వద్దన్నవా?"

"లేదు భాభీ, ఏయించిన సంగతి నాకు తెల్వదు."

"నీ ఇంట్ల, నీ బిడ్డకు, నీకు తెల్వకుంట సూదులేస్తరా? ఎవలకు చెప్తున్నవన్నా గీ ముచ్చట? మేం పిచ్చోళ్ళమా?"

వార్డంతా ఇటు తిరిగింది. నా ముందు రెండే దారులున్నాయి. మోసగాణ్ణని ఒప్పుకోవాలి, లేదా సొంత ఇంట్లో నా మాటకు పూచికపుల్ల విలువ లేదని రుజువు చెయ్యాలి. మోసగాడికి కనీసం తెలివైనవాడన్న పేరైనా మిగులుతుంది. నేను రెండోది ఎంచుకున్నాను, కానీ దానికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తేను? అప్పుడే మా అమ్మ పండ్ల సంచీతో లోపలికొచ్చింది, వెనకాలే మా ఆవిడ. భాభీ అరుపులు వాళ్ళకు గుమ్మం దగ్గరే వినబడ్డాయి.

"వాడికి తెలీదమ్మా" అంది అమ్మ, సంచీ కింద పెడుతూ. "నిజంగానే తెలీదు. మా ఇంట్లో వీడి మాట ఎవరు విన్నారు గనక? కూర కూడా వీణ్ణి అడిగి వండం."

"అవ్ అక్కా" అంది మా ఆవిడ. "ఈయన సరుక్కు పోయినంక, మీరందరు ఇండ్లకు పోయినంక మేం సెంటరుకు పోయేది. జొరమొస్తే దిష్టి అన్నం. తొడ గట్టివడితే చీమ కుట్టిందన్నం. నమ్మిండు. అద్దం పెట్టి జూసి గండు చీమ అన్నడు. తొట్టె సుట్టూ చాక్‌పీసు గీసిండు."

భాభీ కళ్ళనిండా నీళ్ళతో నా వైపు తిరిగింది. "చాక్‌పీసా?"

"రెండు వరసలు" అన్నాను.

ఆమె నోటి నుంచి ఒక చప్పుడొచ్చింది. నవ్వని చెప్పలేను, ఏడుపనీ చెప్పలేను. మధ్యలో ఎక్కడో విరిగి ఏడుపులోకే వెళ్ళింది. మా ఆవిడ ఆమెను పట్టుకుంది. భాయ్ మాత్రం నన్ను చాలాసేపు చూశాడు. ఒకసారి కొలత తీసుకుని కుట్టిన బట్ట సరిపోకపోతే మనిషిని మళ్ళీ కొలిచినట్టు చూశాడు. "అన్నా, జర చాయ్ తీసుకరా" అన్నాడు. నేను వెళ్ళాను. మూడు సార్లు వెళ్ళాను, ఎవరూ అడక్కపోయినా. అంతకంటే పనికొచ్చే పని నాకు ఆ వార్డులో లేదు.

సాయంత్రం రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు ఎవరో కాదు, మా తలెత్తని డాక్టరే. కాగితం చూస్తూ మంచం దగ్గరికొచ్చి, చాయ్ గ్లాసులతో నిలబడ్డ నన్ను దాటి వెళ్ళబోయి, ఆగి, మొదటిసారిగా తలెత్తాడు.

"మీరు... ట్యాంక్ మిక్స్ కదా?"

"అవును సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది ఫ్యాక్టరీలో కలిపి, పరీక్షలు చేసి, కలిసి పనిచేస్తాయని తేలాకే బయటికొచ్చే మందు. మీరు గట్టు మీద పంపులో కలిపే బాపతు కాదు. ఇది చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టింది ఇప్పుడు? ఆ రోజు బయట లైను చూసుకుని 'నెక్స్ట్' అన్నాను." మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని భాయ్ వైపు తిరిగాడు. "పొద్దుటికంటే నయం. ఇంకొంచెం చూడాలి. తగ్గాక మిగిలిన సూదులు వేయించండి. మొదట్నుంచీ అక్కర్లేదు, ఎక్కడ ఆగాయో అక్కణ్ణుంచి." ఆ తర్వాత మళ్ళీ తల దించుకునే వెళ్ళిపోయాడు. కానీ పక్క మంచం దగ్గర ఆగి, ఎవరో తండ్రి అడిగిన దానికి కూర్చుని జవాబు చెప్పడం చూశాను.

పిల్లవాడు కోలుకున్నాడు. వెంటనే కాదు. ఇంటికొచ్చాక కూడా చాన్నాళ్ళు దగ్గు వదల్లేదు. ఆ దగ్గు రోడ్డు దాటి నా షాపులోకి వినబడేది. అది వినబడినప్పుడల్లా చేతిలో ఉన్న సీసా కింద పెట్టేసేవాణ్ణి. డెమో ప్లాటును కౌంటరు మీద కూర్చోబెట్టడం మానేశాను. ఎవరికైనా సూదులొద్దని చెప్పానేమోనని గుర్తు తెచ్చుకుని, ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, 'నేను చెప్పింది తప్పు, వేయించండి' అని చెప్పి వచ్చాను. చాలామంది, "నువ్వేం చెప్పినవన్నా? మాకు యాదికి లేదు. మేం ఎప్పుడో ఏయించినం" అన్నారు. నా మాట ఇంట్లోనే కాదు, ఊళ్ళోనూ ఎవరూ విన్నది లేదన్నమాట, ఒక్క భాయ్ తప్ప. నన్ను నమ్మిన ఒక్క మనిషికే నేను అపకారం చేశాను.

ఇదంతా అయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు భాయ్ కొడుకూ మా అమ్మాయీ ఒకే బడికి వెళ్తారు. వాడు పరుగు పందెంలో ముందుంటాడు. ఆ ఊపిరితిత్తులు అట్లా పనిచేస్తుంటే చూడడం నాకు వేరే ఎవరికీ లేని సంతోషం. ఆ మధ్య బడిలో పిల్లలకు ధనుర్వాతం సూది వేస్తారని కబురొచ్చింది. నేను హుషారుగా, "తప్పకుండా వేయించుకో తల్లీ, నాన్న ఒప్పుకున్నాడని చెప్పు" అన్నాను. మా అమ్మాయి జడ వేసుకుంటూ, "అమ్మ నిన్ననే చెప్పేసింది నాన్నా" అంది.

భాయ్ నన్ను క్షమించాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. చొక్కాలు మాత్రం ఇప్పటికీ అతనే కుడతాడు. రోజూ సాయంత్రం చాయ్ కలిసే తాగుతాం, తెచ్చేది నేనే. అప్పుడప్పుడూ పాత అలవాటు పట్టలేక, వాన రాకడ గురించో, మిర్చి రేటు గురించో, మోకాళ్ళ నొప్పికి ఏ ఆకు కట్టాలనే దాని గురించో ఒక సలహా మొదలుపెడతాను. భాయ్ మిషను ఆపడు. దారం మీది నుంచి చూపు తియ్యడు. ఒక్క మాటే అంటాడు.

"ఇంట్ల అడిగినవా అన్నా?"

లేదంటాను. చాయ్ తాగి, ఇంటికి నడుస్తాను, అడగడానికి.